మేకు కొట్టరాదు

వంద రూపాయల స్టాంపు కాగితం మీద
పదకొండు నెలలకు మా ఇల్లు రాసి ఉంది.
గోడకు మేకు కొట్టరాదు, నాలుగో షరతు.
డాబా తలుపు తాళం ఓనరు దగ్గరే ఉండును, తొమ్మిదోది.
ఖాళీ చేసేటప్పుడు సున్నానికి ఒక నెల అద్దె.
పొగ గురించి ఒక్క ముక్క లేదు.

మూసారాంబాగ్‌లో మూడో అంతస్తు మాది.
కింద షట్టర్ వెనక ఫోము పరుపుల గోడౌను.
మెట్ల కింద, ఒకే బోర్డుకు
ఒకే ఆవుకు నాలుగు దూడల్లా
రాత్రంతా నాలుగు బ్యాటరీ బండ్లు.

వాటిని చూసి చూసి, ఒక సాయంత్రం అబిడ్స్‌లో కొన్నాను.
అరచేతంత అలారం, పొంగిన పూరీలా ఉంది.
"సీలింగుకు రెండు రంధ్రాలు కావాలండీ."
సుదర్శన్ సేటు కళ్లద్దాలు పైకి తోశాడు.
"సీలింగంటే గోడ కాదా మల్ల?
నలభై ఏండ్ల సంది పొయ్యి మండుతున్నది మా ఇంట్ల,
ఎన్నడన్న కూసిందా ఏదన్న?"
కూసే వస్తువే లేకపోతే ఎలా కూస్తుంది,
అని నేను అడగలేదు.
డిపాజిట్ రెండు నెలలది ఆయన దగ్గరుంది.

అటక మీద, ఆవకాయ జాడీ మూత మీద కూర్చోబెట్టాను.
పొగ పైకే కదా పోతుంది, అటకా పైనే కదా అని
నాకు నేనే నచ్చజెప్పుకుంటూ.

మర్నాడు పోపులో ఎండుమిరపకాయ నల్లబడిందో లేదో
ఇల్లంతా ఒకటే కేక.
పక్కింటి నస్రీన్ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.
"క్యా జలా?"
"పచ్చిపులుసు" అన్నాను.
ఇద్దరం టవల్ చెరో కొసా పట్టుకుని విసిరాం,
ఉక్కపోతకు ఏడ్చే పిల్లకు విసిరినట్టు.
శుక్రవారం సాంబ్రాణి వేసేముందు
పాత చీరలో చుట్టి బీరువాలో దాచేదాన్ని.

ఫైనల్ రాత్రి రిమోట్ సెల్లులు అయిపోయాయి.
విఠల్ జాడీ వైపు చూశాడు.
"రెండు ఓవర్లకే" అన్నాడు.
రెండు ఓవర్లు ఏడు వారాలు నడిచాయి.

రాత్రి రెండూ నలభై.
లేపింది అలారం కాదు,
నస్రీన్ అత్తగారి దగ్గు.
తలుపు తీస్తే మెట్లు లేవు.
మెట్లుండే చోట నల్లటిదేదో నిలబడి ఉంది.
పైకి పరుగెత్తాం ఎనిమిది మందిమి.
పైన
తొమ్మిదో షరతు.

ఎవరు తెచ్చారో, అల్లం నూరే బండరాయి.
ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేదు.
నాకు గుర్తున్నది రాయి మీద ఆరిపోయిన పచ్చిమిర్చి గింజ ఒకటి,
తర్వాత చుక్కలు, చల్లగాలి, వాటర్ ట్యాంకు.

పిట్టగోడ మీంచి చూస్తే
బనియన్‌తో వీధిలో సేటు.
పైకి చూస్తున్నాడు.
తాళంచెవుల గుత్తి చేతిలోనే ఉంది,
ఎవరికి ఇవ్వాలో తెలియని ప్రసాదంలా.

ఒక బండే కాలింది. షట్టర్ దించి ఉంది కాబట్టి సరిపోయిందన్నారు.
లేకపోతే, అని మొదలుపెట్టి
ఎవరూ ఆ వాక్యం పూర్తి చేయలేదు.

మూడో రోజు పొద్దున్నే సేటు వచ్చాడు.
వెనక డ్రిల్లింగ్ మిషన్‌తో ఇలియాస్.
"ఏడ కొట్టాలె?"
చూపించాను. హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి.
రెండోది ఆయనే తెచ్చాడు, బిల్లు చించని సంచిలో.
సున్నం పొడి ఆయన తల మీదే రాలింది, దులుపుకోలేదు.
"డాబాకు గొళ్లెం పెట్టిస్తున్న. తాళం లేదిగ."
సెల్లుల సంగతి
నేను ఇప్పటికీ చెప్పలేదు.
పది రూపాయల సెల్లులు రెండు.
రిమోట్‌ను అరచేతిలో కొట్టి కొట్టి వాడుతున్నాం.

బండ్లు ఇప్పుడు గేటు బయట, ఎండలో.
వానొస్తే మళ్లీ మెట్ల కిందికే వస్తాయేమో,
దాని మీద ఇంకా గొడవ తేలలేదు.

ఒకటో తారీఖు అద్దె ఇచ్చి వచ్చాక
స్టూలెక్కి బటన్ నొక్కుతాను.
కేక మూడు అంతస్తులు దిగుతుంది.
కింద నుంచి సేటు గొంతు:
"ఇనవడ్డది!"
అది వినేదాకా స్టూలు దిగను.